విమానాల పరస

ఫోన్ మోగేలోపు ఈ కండె నిండాలి, కండె నిండేలోపు నేనొక మాట తేల్చుకోవాలి, చెయ్యేమో తన పని తాను చేసుకుపోతోంది, రాట్నం తిరుగుతోంది, పోగు వేలి మీదుగా జారుతోంది, మనసే ఒక చోట నిలవదు. విమానం నడిపే పిల్ల ఆశ్రిత మూడింటికి ఫోన్ చేస్తానంది. చేసి రెండు సంగతులు అడుగుతుంది, విమానంలో కూర్చునేది ఎవరు, వాళ్ళ బరువెంత. పక్క గదిలో మగ్గం దడదడా కొడుతూనే ఉంది, మా ఆయన శశికుమార్ గుంతలో కాళ్ళు పెట్టుకుని చిలకపచ్చ చీరకు కొంగు ఎత్తుకున్నాడు. ఎక్కేది ఆయనే అని మా వీధి వీధంతా అనుకుంటోంది. అత్త అనుకుంటోంది. ఆయనా అనుకుంటున్నాడు. నాకు ఎక్కాలని ఉంది. ఇదిగో, మనసులోనైనా అనేశాను. అనేసరికి ఒళ్ళంతా చెమట పట్టింది, ఫ్యాను తిరుగుతూనే ఉంది కదా, దానికేం రోగం, పైన సిమెంటు రేకుల వేడి కాబోలు, కాదులే, నా గుట్టు నాకే బయటపడిన వేడి. రెండు సీట్లే ఆ విమానానికి, వెనక కూర్చుని నడిపేది ఆశ్రిత, ముందు కూర్చునేది ఒక్కరు. ఒక్కసారే లేస్తుంది. ఆ పైన రెక్కలు విప్పి లారీకెక్కించి ఎక్కడో దూరాన పాత విమానాలు పెట్టే చోట జనం చూడ్డానికి నిలబెడతారట, ఇక ఎగరదట. అంటే ఎక్కితే ఇప్పుడే, లేకపోతే ఈ జన్మకు లేదు.

ఆ విమానం లేచే సంతను పరస అంటోంది అత్త. విమానాల పరస. ఆశ్రిత ఏదో ఇంగ్లీషు పేరే చెప్పింది, చిన్న చిన్న విమానాలు ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చి ఒక మైదానంలో దిగుతాయి, వాటి మనుషులు రెక్కల కిందే గుడారాలు వేసుకుని పడుకుంటారు, ఒకరి విమానం ఒకరు చూసుకుంటారు, మాట్లాడుకుంటారు, నచ్చితే కొనుక్కుంటారు కూడా అని. విని అత్త తేల్చేసింది, "ఎద్దుల పరసే గదే అది, పండ్లు పట్టుకోని చూస్తారేమో అడుగు." బెంగళూరు దాటి ఇంకా పోవాలట ఆ మైదానానికి. ఎల్లుండి తెల్లవారి రైలు. పొద్దుటి నుంచీ సర్దుతూనే ఉన్నాను. నిప్పట్లు కాల్చి డబ్బాలో పెట్టాను, ఓళిగలు రేపు చేస్తాను, పప్పులపొడి ఉంది, వేయించిన చెనక్కాయలు ఉన్నాయి, విమానాలవాళ్ళు ఏం తింటారో ఏమో, మనం ఒకరింటికి పోతూ చేతులూపుకుంటూ పోతామా. ఆయనకు కొత్త చొక్కా ఇస్త్రీ చేసి మడత మీద మడత పెట్టాను. నా కోసం నీలం చీర. ఆ నీలం చీర అడుగున, పాత దుప్పటిలో చుట్టి, వీధి చివర టైలరింగు చేసే నాగజ్యోతి దగ్గర అడుక్కొచ్చిన చుడీదారు. "చీర కొంగు గాలికి లేస్తుంది, ఎక్కేవాళ్ళు ఆడవాళ్ళయితే చుడీదారు వేసుకోవాలక్కా" అని ఆశ్రిత ఎప్పుడో మాటవరసకు అన్నది పట్టుకుని, నిన్న అత్త నిద్రపోతున్నప్పుడు తలుపు గడియ వేసుకుని తొడిగి చూసుకున్నాను. పెళ్ళయ్యాక ఇదే తొడగడం. అద్దంలో ఎవరో బడికి పోయే పంతులమ్మ నిలబడింది. నవ్వొచ్చింది, భయమేసింది, విప్పి మళ్ళీ చుట్టి అడుక్కి తోసేశాను. ఎక్కనిదానివి చుడీదారు ఎందుకు తెచ్చుకున్నావే సువర్ణా అని ఎవరైనా అడుగుతారేమోనని పెట్టె మూత వేసేశాను.

అసలు ఈ వీధికి విమానం ఎట్లా వచ్చిందంటే, ఆశ్రితను తీసుకొచ్చింది వాళ్ళ అవ్వ పెళ్ళినాటి ధర్మవరం చీర. అవ్వది పామిడి. తాతకు విమానాల పిచ్చి, ఆయన పోయాక ఆయన పాత విమానం ఏళ్ళ తరబడి షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయింది, మనవరాలు దాన్ని బాగు చేయడానికి పూనుకుంది. రెక్కలు చూపించింది ఫోన్లో, కట్టెలతో కట్టిన గూడు, దాని మీద గుడ్డ బిగించాలట. గుడ్డా అన్నాను నేను. మా ఆయనా అన్నాడు. ఇద్దరం ఒకేసారి అన్నాం. నేను ఇన్నాళ్ళూ విమానమంటే ఇనుము అనుకున్నాను. పాతకాలం వాటికి గుడ్డే అక్కా, బిగించి పైన మందు పూస్తే డప్పులా మోగుతుంది అంది. ఆ గుడ్డ బయటి దేశాల నుంచి తెప్పించుకోవచ్చట, కానీ అవ్వ చీర ఇన్నేళ్ళు చినగలేదు, అదే ఊళ్ళో నేయించాలి అని పట్టుబట్టింది. మగ్గాల వీధంతా తిరిగింది పాపం. పట్టు నేసే చేతులు నూలుకు దిగుతాయా, అందులో అంచు లేదు, బుటా లేదు, సరిగ లేదు, ఉత్త తెల్లగుడ్డ, అందరూ నవ్వి పంపించారు. మా గడపలో నిలబడినప్పుడు ఆ పిల్ల మొహం ఎండకు కమిలిపోయి ఉంది, నేను మజ్జిగ ఇచ్చాను, ఆయన గుంతలోంచి లేచి వచ్చి, "ఎంత సన్నం కావల్ల మేడం?" అన్నాడు. ఆ ఒక్క మాటతో మొదలైంది. ఈ మనిషి ఆ రోజు లేవకుండా పోగును అటూ ఇటూ తోలే నాడె విసురుకుంటూ కూర్చుని ఉంటే మాకు ఈ పరస లేదు, ఏమీ లేదు.

అయితే మేం చేసిన ఘనకార్యం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. రెక్క పొడవంతా ఒకటే గుడ్డ కావాలంది, మధ్యలో అతుకు వద్దంది, సరే సరే అన్నాం. నేను ఆసు మీద పడుగు పోశాను, నిలువు పోగులన్నీ వరసగా చుట్టాను. పోస్తూ పోస్తూ, చేతికి అలవాటు కదా, చీర పొడవు రాగానే పడుగు మీద పచ్చ రంగుతో గుర్తు పెట్టేశాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చీర పొడవుకే గుర్తు పెట్టిన చెయ్యి, విమానం అని దానికేం తెలుసు. ఆయనేమో గుర్తు వచ్చిందాకా నేశాడు, గుర్తు రాగానే, అలవాటు కదా, జానెడు మేర నేయకుండా వదిలేశాడు, చీరకూ చీరకూ మధ్య కత్తెర పెట్టడానికి వదిలినట్టు. వదిలేసి మళ్ళీ నేసుకుపోయాడు. ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆశ్రిత వచ్చింది, గుడ్డ పరిచాం, తెల్లగా నిగనిగా పరుచుకుంటూ పోయి మధ్యలో ఉత్త పోగులు, వాటి కింద మా ఇంటి నాపరాళ్ళు కనపడుతున్నాయి. "ఇదేందన్నా, కిటికీనా?" అంది ఆ పిల్ల. నాకు తల కొట్టేసినట్టయింది. అత్త మాత్రం చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "ఉండనీలే, లోపల కూసున్నోళ్ళకు గాలాడొద్దా?" అంది. అందరం విరగబడి నవ్వాం, ఆశ్రితయితే నేల మీద కూలబడి నవ్వింది.

ఆ నవ్వుల్లోనే అడిగింది, ఈ గుర్తులు ఎవరు పెడతారు అని. ఇప్పుడూ ఆ క్షణం కళ్ళ ముందే ఉంది. ఆయన నా వైపు చూపించి, "ఈమే మేడం. పడుగు పోసేది, అచ్చు అతికేది, కండెలు చుట్టేది అంతా ఈమే. ఈమె లేకుంటే నేను ఉత్త గాలికి నాడె ఇసరాల" అన్నాడు. అంత మాట నా పెళ్ళయినప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. అంటే నన్ను ఎవరైనా తక్కువగా చూశారని కాదు, మా వీధిలో లెక్క అంతే, చీర ఎవరు నేశారంటే గుంతలో కూర్చున్న మగాడి పేరే చెబుతాం, నేనూ అట్లాగే చెబుతాను, శశికుమార్ నేసింది అంటాను, మా అమ్మా మా నాయన పేరే చెప్పేది. ఆశ్రిత నవ్వడం ఆపి నన్ను చూసింది. "అయితే ఇద్దరు నేస్తున్నారన్నమాట" అంది. మళ్ళీ పడుగు పోశాం, ఈసారి ఏ గుర్తూ లేకుండా, మళ్ళీ నేశాం, ఆ గుడ్డను ముక్క కోసుకుపోయి ఏదో మిషనుతో లాగి చూశారట, అడిగినదానికంటే ఎక్కువ ఓర్చుకుందట. గుడ్డ తీసుకుపోతూ ఆ పిల్ల మెట్ల మీద నిలబడి, "పరసకు మీరిద్దరూ రావాలి, మీ ఇద్దరిలో ఒకరు నాతో ఎగరాలి" అంది. ఇద్దరిలో ఒకరు. అంది కదా. నేను కలగనలేదు కదా. మర్నాటికి వీధిలో ఆ మాట శశికుమార్ విమానమెక్కుతాడంట అని తిరిగింది, నేనూ నీళ్ళ పంపు దగ్గర అవునక్కా అవునక్కా అని తల ఊపాను.

ఎట్లా అడగను? ఆయనది నాకంటే పాత ఆశ. చిన్నప్పుడు వాళ్ళ నాయనతో చీరల మూట మోసుకుని పుట్టపర్తికి పోయేవాడట, అక్కడ ఆశ్రమానికి వచ్చే పెద్దవాళ్ళ చిన్న విమానాలు దిగుతుంటే కంచె పట్టుకుని నిలబడిపోయేవాడట, వాళ్ళ నాయన చీరలమ్ముకుని తిరిగొచ్చిందాకా అదే చోట. ఎండకు కంచె కాలి అరచేతులు బొబ్బలెక్కాయని పెళ్ళయిన కొత్తలో చేతులు చాచి చూపించాడు నాకు, బొబ్బలేవీ లేవు, నాడె కాయలే ఉన్నాయి, అయినా ఊఁ కొట్టాను. ఆ మనిషి నోటి నుంచి ఇప్పుడు లాక్కోవడమా. నాకు టైఫాయిడ్ వచ్చి మంచాన పడితే ఏం చేశాడు ఆయన, పగలు మగ్గం నేసి సాయంత్రాలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టాడు, వీధిలో మగవాళ్ళు ఎగతాళి చేస్తే, "ఏమప్పా, మీ ఇంట్ల కండెలు చెట్లకు కాస్తాండాయా?" అని నోరు మూయించాడు. గంజి కాచి పోశాడు, అందులో ఉప్పు మరిచాడు, అది వేరే సంగతి. నా అదృష్టం నాకు తెలుసు. ఇంకెవరైనా అయితే ఆ కిటికీ గుడ్డకు నన్ను ఇంట్లో వేసి కొట్టి ఉండేవాళ్ళు, ఈయన ఆ రాత్రి అన్నం తింటూ తింటూ గుర్తొచ్చి పొలమారేదాకా నవ్వాడు. ఇంత మంచి మనిషికి పెళ్ళాన్నయి కూడా నా ఆశ నాదే అంటుంటే, ఇదేం మనసమ్మా, దీనికి ఎంత పెట్టినా చాలదా.

కానీ నాకూ ఒక విమానం ఉంది. దాని సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా. మాది ముదిగుబ్బ దగ్గర పల్లె, నాయనకు మగ్గంతో పాటు రెండెకరాల చేను, చెనక్కాయ వేసేవాడు. ఆ ఏడు విత్తనం వేసినాక వాన మొహం చాటేసింది, పూత మాడిపోతోంది, ప్రభుత్వం మేఘాల్లో మందు చల్లే విమానం పంపిస్తుందని చెప్పుకున్నారు, మేఘమథనం అని పేపర్లో పడింది, అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. ఒక మధ్యాహ్నం అది నిజంగానే వచ్చింది, బుల్లి విమానం, చేను మీదుగా. ఊరంతా పొలాల్లోకి ఉరికింది. నాయన మోకాలెత్తు లేని చెట్ల మధ్య నిలబడి తలగుడ్డ విప్పి ఊపాడు, "ఓయ్! ఈడ! ఈడ గూడా చల్లప్పా!" అని గొంతు పోయేలా అరిచాడు. జనం నవ్వారు, నేనూ నవ్వాను. అది వంక అవతలికి పోయింది, వాన అక్కడే రెండు చినుకులు రాలింది. నాయన తలగుడ్డ మళ్ళీ చుట్టుకుంటూ, "పైనుండేటోనికి మనం కనపడ్తామా పాపా?" అని అడిగాడు. "కనపడ్తాం నాయనా" అన్నాను. ఏం తెలిసి అన్నాను? తెలియకుండానే అన్నాను, ఆయన మొహం చూడలేక. నాయన పోయి ఏళ్ళయింది, ఆ చేనిప్పుడు ఎవరిదో, అయినా ఏ విమానం చప్పుడు విన్నా నాకు ఆ జవాబు నిజమో అబద్ధమో తెలుసుకోవాలనిపిస్తుంది. పైనుంచి చేలో మనిషి చేయెత్తితే కనపడుతుందా లేదా, అంతే. నాకు గాలిలో తేలాలనీ మబ్బులు తాకాలనీ లేదు. నా కళ్ళతో నేను ఒక్కసారి వంగి చూడాలి.

మగ్గం కొడుతూనే ఉంది. గోడ గడియారం ఎప్పుడూ ముందే నడుస్తుంది, దాన్ని నమ్మకూడదు, ఫోన్ చాప మీద బోర్లా పెట్టాను, మళ్ళీ వెల్లకిలా తిప్పాను. అత్త గడప దగ్గర గోడకానుకుని కునుకు తీస్తోంది, ఆమె కూడా నా అదృష్టమే, నోరు పెద్దది కానీ చెయ్యి ఇంకా పెద్దది, పడుగు పోయడంలో ఒడుపు నాకు నేర్పింది ఆమే. ఎంత మంది చేతుల మీదుగా వచ్చాను నేను ఈ చాప మీదికి. అమ్మ, నాయన, అత్త, ఈయన, మజ్జిగ తాగి, ఎవరూ అడగకుండానే గ్లాసు తానే కడిగిన ఆ పిల్ల. దణ్ణం పెట్టుకోవాలనిపిస్తోంది, ఎటు తిరిగి పెట్టాలో తెలియడం లేదు. ఒక్క దణ్ణం ఆ గుడ్డకే పెడతాను, నేను పోసిన పోగుల మీద ఒక మనిషి ఆకాశంలో కూర్చుంటుంది, ఇంతకంటే ఏం కావాలి, చాలు, ఆయన్నే పోనీ, నేను కింద నిలబడి చప్పట్లు కొడతాను, ఆయన దిగి వచ్చాక అడుగుతాను, మనుషులు కనపడ్డారా అని, ఆయన చెబుతాడు, ఆయన అబద్ధం చెప్పడు. అదే మంచిది. తేలిపోయింది. ఆ చుడీదారు ఈ సాయంత్రమే నాగజ్యోతికి ఇచ్చేస్తాను, ఓళిగలకు బెల్లం సరిపోతుందో లేదో చూడాలి, తేలిపోయింది కదా, మరి చెయ్యెందుకు రాట్నాన్ని ఇంత విసురుగా తిప్పుతోంది, పోగు తెగింది, చూడు, ఇంత సేపు తెగని పోగు ఇప్పుడు తెగింది, ముడి వేస్తున్నాను, ఫోన్ మోగుతోంది.

"సువర్ణక్కా, పేరు పంపించెయ్యాలి, పరసవాళ్ళు అడుగుతున్నారు. శశన్న పేరే కదా? బరువెంతుంటాడు?" అంది ఆశ్రిత. అవును అనడానికే నోరు తెరిచాను. ప్రమాణం చేసి చెబుతున్నాను, అవును అనడానికే. "ఇద్దరిలో ఒకరంటివి గదమ్మా" అన్నాను. "అన్నాను అక్కా" అంది ఆ పిల్ల. "నేను ఎక్కుతా. నా పేరు రాయి." ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది, అంత గట్టిగా వచ్చింది, అత్త కునుకులోంచి ఉలిక్కిపడి లేచింది. మగ్గం ఆగింది. మధ్యలో ఆగడం, కాళ్ళ కింద తొక్కుడు చెక్క దిగినది దిగినట్టే ఉండిపోయిన ఆగడం. విన్నాడు. ఆశ్రిత సంతోషంగా ఏదో అంటోంది, బరువు చెప్పక్కా అంటోంది, నాకేం తెలుసు నా బరువు, నన్ను ఎవరు తూచారు. ఆయన గుంతలోంచి లేచి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు, పచ్చ పట్టు నలక ఒకటి చొక్కాకు అంటుకుని ఉంది. నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో, అదే నాకు కష్టమైంది, పండగనాడు పిల్లాడి చేతిలోంచి మిఠాయి తీసుకుంటే చూసే చూపు అది. నేను వద్దులే అనబోయాను. ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "మేడం, ఫోన్ పెట్టొద్దు, అట్లే ఉండు. శేషయ్య అంగట్ల తూకం ఉండాది, పోయి చూసి చెప్తాం" అని చెప్పులు వేసుకున్నాడు.

నడి ఎండలో వీధి దాటాం, ఆయన ముందు, నేను వెనక, వెనక నుంచి అత్త, "యాడికే, యాడికి పోతాండారే ఇద్దరూ?" అని అరుస్తూనే ఉంది. శేషయ్యది కిరాణా అంగడి, చెనక్కాయల మూటలు తూచే పెద్ద తూకం వసారాలోనే ఉంటుంది. మమ్మల్ని చూడగానే ఆ శెట్టి గల్లా దగ్గర నుంచే నవ్వడం మొదలుపెట్టాడు. "మళ్ళా వచ్చినావా నాయనా! పొద్దున్నే గదప్పా తూగిపోతివి, అరవై రెండు, ఒగ పూటకే పెరుగుతావా? చూడమ్మా సువర్ణా, వారం నించి దినామూ ఇదే పని నీ మొగునికి, పెండ్లికొడుకు మాదిరి వచ్చి ఎక్కుతాడు, దిగుతాడు. నిన్నయితే చెప్పులిప్పి ఒగసారి, తొడుక్కోని ఒగసారి." అగ్గిపెట్టె కోసమనీ, బీడీకట్ట కోసమనీ పొద్దున్నే ఈయన అంగడికి పోతున్నది ఇందుకా. ఆయన నా వైపు తిరగలేదు. "నాది కాదు మామా. పొయ్యేది ఆమె" అన్నాడు. శేషయ్య నవ్వు ఆగిపోయింది. "చెప్పులు ఇడ్సి ఎక్కు" అన్నాడు ఆయన నాతో, మూటల దుమ్ము తూకం మీద నుంచి తన తుండుతో తుడిచి. ఎక్కాను. అంకెలు వెలిగినట్టున్నాయి, కళ్ళ నిండా నీళ్ళు, నాకేమీ కనపడలేదు. ఆయనే వంగి చదివి, ఫోన్లో ఆశ్రితకు చెప్పాడు.